పూజకెక్కిన ఆర్‌ఎన్‌ఏ

కడపలో నేను పరిశోధన చేసిన రోజులను తలుచుకుంటే ముందుగా గుర్తుకొచ్చేది ఒక వాసన. మా ల్యాబు ఫ్రీజర్‌లో ఎంజైములు ఉండాల్సిన అరలో పొట్టేలు మాంసం ఉండేది. మా గైడు సారు సొంతూళ్లో జాతర జరిగినప్పుడల్లా మిగిలిన మాంసాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి జీపులో ఇక్కడికి తెచ్చేవాళ్లు. ఇంట్లో ఫ్రిజ్జు చిన్నదట. కరెంటు పోతే ఆ సంచి కరిగి ఎర్రటి నీళ్లు కారేవి, కరెంటు రాగానే అవి మళ్లీ గడ్డకట్టేవి. నేను కర్నూలులో కిరాణా అంగడి నడుపుకునే వైశ్యుల ఇంటి పిల్లను. మాంసం తినేవాళ్ల మీద నాకేమీ కోపం లేదు. హాస్టల్లో నా గది అమ్మాయి ఆదివారం కోడికూర తింటుంటే ఎదురుగా కూర్చుని నేను పప్పన్నం తినేదాన్ని. నా రోతంతా ఆ ఎర్రటి మంచును గీకి నా పెట్టెను బయటికి లాగాల్సి రావడం మీద. ఆ మాట ఒకసారి సారుతో అంటే, పండగ దాకా ఓర్చుకోమ్మా అన్నారు. ఏ పండగో చెప్పలేదు.

ఆ పెట్టెలో ఏముండేదో చెప్పాలి. మన కణంలో ప్రతి జన్యువూ ఒక ఆదేశం. ఆ ఆదేశాన్ని కణం ఒక చీటీ మీద ఎత్తి రాసుకుంటుంది, చీటీ చదివి ప్రొటీను తయారు చేస్తుంది. ఆ చీటీయే ఆర్‌ఎన్‌ఏ. ఇది కాక పొట్టి ఆర్‌ఎన్‌ఏ పోగులు వేరే ఉంటాయి. వాటిని మైక్రోఆర్‌ఎన్‌ఏలు అంటారు. చీటీ చివర తమకు సరిపోయే అక్షరాలు కనిపిస్తే ఇవి అక్కడ అతుక్కుని కూర్చుంటాయి. రాసింది చెరపవు, దాని మీద బొటనవేలు పెట్టి దాచినట్టు చేస్తాయి. కణం ఆ చీటీని సరిగా చదవలేదు, ప్రొటీను తగ్గిపోతుంది. నేను పరిశోధనలో చేరేనాటికి ఇదంతా ఇంకా కొత్త సంగతి. మా పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా కూడా ఉండేది కాదు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. కాలేయ కణాల్లో కొవ్వును కరిగించే పనికి పనికొచ్చే జన్యువు ఒకటుంది. దాన్ని ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ అణచిపెడుతోందని నా అనుమానం. నిజంగా అణచిపెడుతోందా, లేదా? నా పట్టా దీని మీదే ఉంది. పట్టా సంగతి తర్వాత, ముందు నాకు తెలుసుకోవాలని ఉండేది. బస్సులో మైదుకూరు దాటినా అదే ఆలోచన, నంద్యాల దాటినా అదే ఆలోచన.

తెలుసుకోవడానికి దారి, యంత్రం మీద తయారు చేసిన కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ. సారు ఎవరెవరినో పట్టుకుని, ప్రాజెక్టు కింద మూడు రకాలు తెప్పించారు. మొదటిది ఆ మైక్రోఆర్‌ఎన్‌ఏకు నకలు. దాన్ని కణాల్లోకి పంపితే అణచివేత పెరిగి ప్రొటీను తగ్గాలి. రెండోది ఆ మైక్రోఆర్‌ఎన్‌ఏను వాటేసుకుని కదలనివ్వని ఎదురు పోగు. దాన్ని పంపితే ప్రొటీను పెరగాలి. మూడోది అవే అక్షరాలను తారుమారు చేసి పేర్చిన పోగు. అది ఏ చీటీకీ అతకదు. దాన్ని పంపితే ఏమీ జరగకూడదు. నాకు ఆ మూడోదంటేనే ఎక్కువ ఇష్టం. ఏమీ చేయకపోవడమే దాని ఉద్యోగం. అది ఏమీ చేయకుండా ఉంటేనే మిగతా రెండూ చేసింది నిజమని నమ్మవచ్చు.

కర్నూలుకు వెళ్లినప్పుడు నాయన ఆ సరుకు ఎట్లుంటుందని అడిగాడు. ట్యూబు అడుగున కంటికి ఆనని పొర ఉంటుందని చెప్పాను. కనపడని సరుకును ఇంత ధర పెట్టి కొనేవాళ్లూ ఉన్నారా అని ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత, అంత సన్నదైతే ఎట్లా దాస్తావని అడిగాడు. అంగడి నడిపే మనిషి కాబట్టి సరైన ప్రశ్నే అడిగాడు.

ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏకు మనిషే శత్రువు. మన చెమటలో, ఉమ్మిలో, చేతి చర్మం మీద దాన్ని తుంపులు తుంపులు చేసే ఎంజైము ఉంటుంది. ఉడకబెట్టినా అది మొండిగా బతుకుతుంది. ఒట్టి చేత్తో ముట్టుకున్నా, మూత తీసిన ట్యూబు ముందు నిలబడి మాట్లాడినా, నెలల పని నాశనం. ఈ సంగతి ఒంటబట్టాక నా చూపే మారిపోయింది. మెట్ల మూలల్లో గుట్కా ఉమ్మి కనిపించినా, పేజీ తిప్పడానికి ఎవరైనా వేలు నాలుక మీద పెట్టుకున్నా ఒళ్లు జలదరించేది. నాకంటే ముందు చేరిన సీనియర్ ఒకాయన ఉండేవాడు, నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన పారేయాల్సిన చేతి తొడుగులను ఉతికి కిటికీ ఊచలకు ఆరేసేవాడు. అడిగితే, దుడ్లు చెట్లకు కాయవు గదా పాపా అనేవాడు. ఆదోని వైపు మనిషి. సారు సరేసరి. బుగ్గన వక్కాకు పెట్టుకుని నా భుజం మీదుగా వంగి, ట్యూబుల మీదనే పాఠం చెప్పేవారు. ఆయన నోరు మూసుకుని ఉండేది నిద్రలోనేనని హాస్టల్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. పక్కకు జరగమని గైడుతో ఎట్లా అంటాం? చేత్తో ట్యూబులకు అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని.

ఆ వానాకాలంలో ప్రయోగం పండింది. నేను కణాలు పెంచి, మూడు ఆర్‌ఎన్‌ఏలనూ వేరువేరుగా పంపి, ప్రొటీనును నల్లటి గీతలుగా ఫిల్ము మీదికి తెచ్చాను. నకలు పంపిన చోట గీత సన్నబడింది. ఎదురు పోగు పంపిన చోట లావైంది. తారుమారు పోగు దగ్గర ఎప్పటిలాగే ఉంది. చీకటి గదిలోంచి ఆ ఫిల్మును చేత్తో పట్టుకుని బయటికి వస్తుంటే నా కాళ్లు నిలవలేదు. సారు దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, ఎవరికో ఫోన్ చేసి మా పాప సాధించిందప్పా అని చెప్పారు. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం కూడా కలిగింది.

కానీ ఒక్కసారి వచ్చింది ఫలితం కాదు. కొత్త కణాలతో మళ్లీ చేయాలి, ఇంకోసారి కూడా చేయాలి. మూడుసార్లూ ఒకటే చెబితే అప్పుడు నోరు తెరవాలి. అది మాకు సారే నేర్పారు. మిగిలిన ఆర్‌ఎన్‌ఏను చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి, ఒకే పెట్టెలో సర్ది, ఫ్రీజర్‌లో పెట్టాను. ఈలోగా కణాలకు బూజు పట్టింది. కొత్తవి తెప్పించుకుని, అవి పెరిగేదాకా కాచుకుని కూర్చున్నాను. అంతలో దసరా వచ్చింది.

మా సీమలో ఆయుధపూజ ఎంత గట్టిగా చేస్తారో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రాక్టరుకు, బోరు మోటారుకు, కుట్టుమిషనుకు, ఆటోకు, అన్నిటికీ పసుపు కుంకుమలు పడాల్సిందే. మా అంగట్లో నాయన త్రాసును కడిగి, బొట్లు పెట్టి, ఆ పూట దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు ఉద్వాసన చెప్పేదాకా కదిలించకూడదు. ల్యాబులో పూజ సారు భార్య చేతుల మీదుగా జరిగేది. ఆమె మంచి మనిషే. మాకు ఓళిగలు తెచ్చేది. పండగ ముందు రోజు ఆడపిల్లలందరికీ ఫోన్ చేసి, బయట ఉండారా అని మొహమాటం లేకుండా అడిగేది. ఆ ఏడు నేను బయట ఉన్నాను. అదే చెప్పాను.

“అయితే ఈ పక్కకు రావాకు పాపా,” అంది ఆమె. “తలకు పోసుకున్నాక వద్దువులే.”

మా అమ్మయినా అదే అనేది. నాకు అప్పుడు వింతగా తోచలేదు, తీరిక దొరికిందని సంతోషం కూడా వేసింది. హాస్టల్ గదిలో పడుకుని వేరుశనగ ఉంటలు తింటూ గడిపాను.

తలస్నానం చేసి ల్యాబుకు పోయేసరికి గుమ్మం ముందు పగిలిన గుమ్మడికాయ కుళ్లి ఈగలు ముసురుతున్నాయి. మైక్రోస్కోపుకు విభూతి రేఖలు, ఇంక్యుబేటర్‌కు నిమ్మకాయల దండ. ఏటా ఉండేదే, ఓర్చుకున్నాను. ఫ్రీజర్ తెరిచి నా పెట్టె తీస్తే మూత మీద కుంకుమ ఉంది. పెట్టె తెరిచాను. లోపల ప్రతి ట్యూబు మూత మీదా గంధం బొట్టు, దాని మీద కుంకుమ. కొన్ని ట్యూబులకు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. ఒకదాని మూత సరిగా పడలేదు. లోపల చామంతి రేకు ఒకటి గడ్డకట్టి ఉంది.

బయటికి పరుగెత్తి కక్కుకున్నాను.

ఏం జరిగిందో సీనియర్ అన్న తలొంచుకుని చెప్పాడు. ల్యాబులో అన్నిటికంటే విలువైన వస్తువు ఏదని సారు భార్య అడిగిందట. సారు గొప్పగా ఈ పెట్టె చూపించారట. అయితే అమ్మవారి ఎదురుగా ఉండాల్సింది అదే కదా అని ఆమె ఇత్తడి తాంబాళంలో బియ్యం పోయించి, నా ట్యూబులను ఆ బియ్యంలో నిలబెట్టించిందట. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లలో పువ్వు ముంచి చల్లబోయి ఆగిందట. మూత మీద చల్లితే పుణ్యం మూతకే పోతుంది కదా అని ఆమె సందేహం. సారూ అన్నా కలిసి ఒక్కొక్క మూతా తీశారట, చేతులకు తొడుగులు లేకుండా. ఆమె ఒక్కో ట్యూబులో ఒక్కో చుక్క విదిలించిందట. తాంబాళం మరునాడు ఉద్వాసన దాకా అక్కడే, ఆ ఉక్కలోనే ఉందట. తర్వాత భద్రంగా తీసి, కళ్లకద్దుకుని, పెట్టెలో సర్ది ఫ్రీజర్‌లో పెట్టారట.

“నువ్వు ఉండి కూడా చెప్పలేదా అన్నా?” అని అడిగాను.

“పూజ కాడ సారుకు ఎదురు చెప్తారా మే,” అన్నాడు. “నువ్వు ఉన్నింటే చెప్పిందువేమో.”

ఆ చివరి మాట సూదిలా గుచ్చుకుంది. నన్ను రావద్దన్నారు కాబట్టి నేను లేను, నేను లేను కాబట్టి మూతలు తీశారు. చదువులేని వాళ్లు చేసి ఉంటే నాకు ఏడుపొచ్చేది, అంతే. కానీ ఆర్‌ఎన్‌ఏ ఎట్లా చస్తుందో నాకు నేర్పిన మనిషి ఒట్టి వేళ్లతో మూతలు తీసి పట్టుకున్నాడు. అమ్మవారి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆ తల్లి తెమ్మనలేదు, తెరవమనలేదు.

ఊరికే అనుమానంతో మాట్లాడకూడదని ఒక్కో రకం నుంచి కొంచెం తీసి, జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటు పెట్టి నడిపించాను. పాడవకుండా ఉంటే ఒక చోట గీత కట్టాలి. ఏ వరసలోనూ గీత లేదు. అడుగున పలచగా అలికినట్టు కనిపించింది. ఆ ఫోటో పట్టుకుని సారు గదికి పోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జెల్ సరిగా పోయలేదేమోనన్నారు. మళ్లీ పోసి, మళ్లీ చూపించాను. ఆయన ఈసారి ఫోటో చూడలేదు. కణాలు పెరిగాయి కదా, చేసి చూడు, అమ్మవారి దయ అన్నారు.

చేశాను. మూడు రకాలూ పంపాను. నకలు దగ్గర గీత సన్నబడలేదు, ఎదురు పోగు దగ్గర లావెక్కలేదు. మూడూ తారుమారు పోగు ఉద్యోగమే చేశాయి. ఇంకోసారి చేసినా అంతే.

అప్పుడు సారు నన్ను గదికి పిలిచారు. సీనియర్ అన్న కూడా అక్కడే గోడ క్యాలెండరు చూస్తూ నిలబడి ఉన్నాడు. వానాకాలంలో వచ్చింది ఇప్పుడెందుకు రాలేదో సారు నన్నే అడిగారు. నేను మళ్లీ మొదటినుంచీ చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

“ఆ పండగ దినాల్లో నువ్వు ఫ్రీజర్ తీసినావా?”

చలి తగ్గిపోయిందేమోనని అడుగుతున్నారనుకున్నాను. లేదన్నాను.

“నిజం చెప్పు. బయట ఉండంగా ఆ పెట్టె ముట్టుకోలేదు గదా?” అన్నారు. “మా ఇంట్లో అడగమనింది. పూజలో పెట్టిన వస్తువుకు అంటు తగిలితే శానా కష్టమమ్మా.”

ఆయన తెలివితక్కువవాడు కాడు. అందుకే నాకు అంత రోత పుట్టింది. ఎంజైముల గురించి ఆయన పాఠం చెబుతుంటే పక్క విభాగాల వాళ్లు వచ్చి వెనక బెంచీల్లో కూర్చునేవాళ్లు. అదే మనిషి, వక్కాకు నములుతూ, తన వేళ్లకున్న చెమటను వదిలేసి నా ఒంట్లోని రక్తాన్ని వెతుకుతున్నాడు. తలుపవతల జూనియర్లు వింటున్నారు. సిగ్గుపడాల్సింది నేను కాదని తెలిసి కూడా నా చెవులు కాలిపోయాయి. తగిలింది కొబ్బరినీళ్లు సార్, అంటు కాదు అన్నాను. ఆయన చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వారు. సీనియర్ అన్న క్యాలెండరు మీదినుంచి కళ్లు తిప్పలేదు.

ఆ తర్వాత ల్యాబులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ నేను తాకిన పిపెట్‌ను సారు భార్య తరఫు బంధువుల అమ్మాయి, కొత్తగా చేరింది, గుడ్డతో తుడుచుకుని వాడటం కళ్లారా చూశాను. ఆర్‌ఎన్‌ఏ కోసం ఎన్నడూ తుడవని వాళ్లు నా కోసం తుడిచారు. కొత్త సరుకు తెప్పించమని సారును బతిమాలాను. ప్రాజెక్టు గడువు అయిపోవస్తోందనీ, సమీక్ష అయ్యి పొడిగిస్తే అప్పుడు చూద్దామనీ అన్నారు.

సమీక్షకు బయటి రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఈ రంగంలో పేరున్నవాడు. సారు తెర మీద బొమ్మలు వేస్తూ చెప్పుకుపోతున్నారు. నా ప్రయోగం వచ్చింది. మూడు వరసల గీతలున్నాయి, మూడుసార్లు చేసినట్టు. మొదటి వరస నాదే. రెండో వరసలో కూడా నకలు దగ్గర సన్నం, ఎదురు పోగు దగ్గర లావు. ఎవరు చేశారబ్బా అనుకుంటూ చూశాను. నా ఫిల్ము మీద ఎడమ మూలన గాలిబుడగ మచ్చ ఒకటి ఉండేది. రెండో వరసలో అదే మచ్చ కుడి మూలన ఉంది. బొమ్మను తిప్పేసి, గీతల పేర్లను తిరగరాశారు. మూడో వరసలో అదే బొమ్మను నల్లబరిచి, అంచులు కత్తిరించారు. మచ్చ సగం తెగి మిగిలి ఉంది.

మాంసం సంచిని చూసినప్పటి రోతే నాకు మళ్లీ పుట్టింది. ఫ్రీజర్‌లో కుళ్లింది మాంసమే. ఇక్కడ కుళ్లినది నేను కాళ్లు నిలవక బయటికి పట్టుకొచ్చిన ఆ గీతలు. అవి నిజం. వాటినే తీసుకుని అబద్ధం చేశారు.

పెద్దాయన ఆ బొమ్మ దగ్గర ఆగాడు. ఇవి ఎవరు చేశారని ఇంగ్లీషులో అడిగాడు. సారు నన్ను చూపించారు. మూడుసార్లూ నువ్వే చేశావా అని ఆయన నన్ను అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. ఒక్కసారే చేశానని, తర్వాత ఆర్‌ఎన్‌ఏ పాడైపోయిందని, తెర మీద ఉన్న మూడూ ఒకే ఫిల్మని చెప్పాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఆ మూడు ముక్కలూ తడబడకుండా చెప్పాను.

సారు నవ్వి, పాప టెన్షన్ పడతాండాది, ఇది మొదటిసారి గదా అన్నారు. కొందరు నవ్వారు. పెద్దాయన గడియారం చూసుకుని, భోజనం తర్వాత మిగతాది చూద్దామన్నాడు.

భోజనం ఘనంగా పెట్టారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఓళిగలు. నాలాంటి వాళ్లకు వేరే బల్ల మీద పప్పూ వంకాయ. నేను కంచం పట్టుకోలేదు. పెద్దాయన తింటూ తింటూ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, బాగా చూశావమ్మా, ఆ మచ్చ నేనూ గమనించాను అన్నాడు. అయితే గైడు మర్యాద నలుగురిలో తీయకూడదని, ముందు పట్టా చేతికి తెచ్చుకొమ్మని సలహా ఇచ్చాడు. ఆయన వేళ్ల నుంచి పులుసు మణికట్టు దాకా కారుతోంది. తెలియక వదిలేశాడనుకుంటే నేను ఇంటికి పోయి నిద్రపోయేదాన్ని. తెలిసి, ఇంకో ముక్క వేయించుకున్నాడు. ప్రాజెక్టును పొడిగించి వెళ్లాడు.

నేను మానేస్తానని చెప్పినప్పుడు సారు కోప్పడలేదు. నీ ఇష్టమమ్మా, మీ నాయనకు చెప్పి పెండ్లి చూసుకో అన్నారు. కర్నూలుకు వచ్చేసి, కొన్నాళ్లు అంగట్లో నాయన పక్కన కూర్చున్నాను. చింతపండు బస్తాల మధ్య, బెల్లం అచ్చుల మధ్య. జరిగింది మొత్తం నాయనకు చెప్పాను. శనగపిండిలో కల్తీ కలిపేవాళ్లను, కారంలో కలిపేవాళ్లను ఆయన బతుకంతా చూశాడు. మన పేరు మీద కాకుంటే సాలు, వదిలెయ్యి అన్నాడు. తర్వాత ఊళ్లోనే ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. జీవశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, చాక్‌పీసు దుమ్ము దులుపుకుంటూ బతుకు బాగానే నడిచింది.

మరుసటి ఏడు ఆ పరిశోధన ఒక పత్రికలో అచ్చయింది. మూడు వరసలూ అలాగే ఉన్నాయి. రెండో పేరు నాది. నాకు చెప్పలేదు, అడగలేదు. సారుకు ఫోన్ చేసి నా పేరు తీసేయమన్నాను.

“పేరు పెట్టినందుకు దండం పెట్టాల్సింది పోయి, తీసేయమంటావేందమ్మా,” అన్నారాయన. నిజంగానే నొచ్చుకున్నారు. ఆయన లెక్కలో అది నాకు చేసిన మేలు. పత్రికకు రాశాను. ప్రధాన రచయితతో మాట్లాడుకోమని ఒక వాక్యం జవాబు వచ్చింది. ఆ పేజీని తీసి చూసినప్పుడల్లా ఎవరో ఉమ్మిన చోట నా చెయ్యి పెట్టినట్టు ఉండేది. చూడటం మానేశాను. మానేస్తే పోతుందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం క్లాసు అయ్యాక కాలేజీ వరండాలో ఉండగా ఫోన్ వచ్చింది. విశాఖపట్నం వైపు అమ్మాయి. పరిశోధన చేస్తోందట. సీనియర్ అన్న దగ్గర నా నంబరు తీసుకుందట. మా పేపరు ఆధారంగానే తన పని మొదలుపెట్టానని చెప్పింది. మేం వాడిన ఆర్‌ఎన్‌ఏలే తెప్పించిందట, అవే కణాలట. ఎన్నిసార్లు చేసినా ప్రొటీను కదలడం లేదట. కడపలో మా సారుకు రాస్తే, చేతిలో శుభ్రత లేకపోతే అట్లాగే అవుతుందని జవాబిచ్చారట. అప్పటినుంచి తొడుగు మీద తొడుగు వేసుకుని చేస్తోందట.

“మీరెలా చేశారో కొంచెం చెప్తారా మేడం?” అంది. “మా సారు ఇంక నాకు టైమివ్వనంటున్నారండి. నా చేతులే మంచివి కావేమోనని భయంగా ఉంది.”

ఆ గదిలో సారు నన్ను అడిగిన ప్రశ్నను నేను మర్చిపోయానని అనుకున్నాను. అదే ప్రశ్న చేతులు మారి ఈ పిల్లను చేరింది. ఈసారి దాని మీద నా పేరు కూడా ఉంది. వరండా గోడకు ఆనుకుని నిలబడ్డాను.

నీ చేతుల్లో తప్పు లేదమ్మా అన్నాను. మేం ఒక్కసారే చేశామని చెప్పాను. మిగతా రెండు వరసలూ ఎక్కడివని అడిగింది. అదీ చెప్పాను. ఆ మైక్రోఆర్‌ఎన్‌ఏ నిజంగా ఆ జన్యువును అణచిపెడుతుందో లేదో మరి, అని అడిగింది.

“తెలియదు,” అన్నాను. “నాకూ తెలియదు, ఎవరికీ తెలియదు. నీకు వచ్చిందే నిజం కావచ్చు.”

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మేడం, ఈ మాట నేను చెప్తే మా సారు నమ్మరండి అంది.

మీ సారు పక్కనే ఉన్నారా అని అడిగాను. గదిలో ఉన్నారంది.

ఫోన్ ఆయనకిమ్మన్నాను.